ఎర్రగుడ్డ కట్టిన గెడ

రేవు వీధి,
మార్చి 9, ఆదివారం.

తమ్ముడికి,

అన్నయ్య ఆశీస్సులు. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. నువ్వూ, మరదలూ, పిల్లా కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఇరవై ఆరేళ్ళుగా ఉలుకూ పలుకూ లేని అన్న ఇప్పుడు ఉత్తరం రాశాడంటే ఏ రోగమో వచ్చుంటుందని కంగారుపడకు. మోకాళ్ళు తప్ప అన్నీ గట్టిగానే ఉన్నాయి. నోరు మరీ గట్టిగా ఉందని మీ వదిన అంటుంది.

మన ఏటి అఖాతం మారిపోయిందిరా. వంతెన పడ్డాక లాంచీలన్నీ ఒడ్డెక్కాయి. టికెట్ల గదిలో ఇప్పుడెవరో సెల్‌ఫోన్లు బాగుచేస్తున్నాడు. నీళ్ళు మాత్రం అవే, దోసిలితో తాగొచ్చు. సముద్రం చూసొచ్చామని గొప్పలు పోయేవాళ్ళకి, ఇంత నీరుంది, చిటికెడు ఉప్పుందేమో చూడండి అని నేనింకా సవాలు చేస్తూనే ఉంటాను.

అసలు సంగతికొస్తాను. రిటైరైన టీచరమ్మ ఒకావిడ అఖాతం చరిత్ర రాస్తోంది. లాంచీలు నడిపిన పాత సరంగుల్లో ఇక్కడ మిగిలింది నేనొక్కణ్ణే కాబట్టి రోజూ వచ్చి కూర్చుంటుంది. అన్నీ చెప్పాను. వరద తీయగానే పెద్ద సరంగు తాడేసి లోతు చూసి, ఇసుక మేటల అంచున ఎర్రగుడ్డ కట్టిన గెడలు పాతడం, ఏడాది పొడుగునా మిగతావాళ్ళు వాటికి కుడిపక్కనే లాంచీలు నడపడం, కళ్ళని కాదురా, గెడని నమ్మండి అని నాన్న మనకి నూరిపోయడం. నాన్న తర్వాత గెడలు పాతే పని నాకొచ్చిందనీ చెప్పాను.

మొన్న ఆవిడ నీ గురించి రాసింది చదివి వినిపించింది. సరంగు అజాగ్రత్తగా గెడకి ఎడమపక్క నడిపి పెద్ద లాంచీని మేట మీదికెక్కించాడు, అడుగు చీలి మునిగింది, జనం ఎలాగో బతికి బయటపడ్డారు, అతని లైసెన్సు రద్దయింది అని. పక్కన నీ ఫొటో. వచ్చే నెల అచ్చుకి పోతుందట. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఆవిడ తలెత్తి చూస్తే నాకు చెమటలు పట్టాయి.

విచారణ రోజు నువ్వు అందరిముందూ నావైపు తిరిగి, కుడిపక్కనే వచ్చాను, నువ్వైనా చెప్పన్నయ్యా అన్నావు. తప్పొప్పుకోరా, శిక్ష తగ్గుతుంది అన్నాను నేను. మర్నాటికల్లా రేవంతా నిన్ను మేట సరంగు అనడం మొదలెట్టింది. ఆ పేరు మోయలేక పిండిమరలో పనికి వెళ్ళిపోయావు. చుక్కాని పట్టడానికే పుట్టిన చేతులు నీవి.

పుస్తకం అచ్చయ్యేలోగా ఒక్కసారి రా. రమ్మనే మొహం నాకు లేదు. అయినా రమ్మంటున్నాను.

ఇట్లు,
నీ అన్నయ్య.

తా.క.: కవరు అంటించి మళ్ళీ చింపాను. ఊసుపోని కబుర్లన్నీ రాసి, రాయాల్సింది మింగేశాను. ఆ ఏడు పెద్ద మేట దగ్గర నేను తాడు వెయ్యలేదు. చలిగాలి కోసేస్తోంది. నిరుటి చోటు నాకు తెలీదా అన్న పొగరుతో కంటి అంచనాకే గెడ పాతేశాను. మేట ఆ ఏడు కుడికి పెరిగింది. లాంచీ మునిగిన సాయంత్రం, తేలిన సామాన్లు తెస్తానని పడవేసుకెళ్ళి, ఆ గెడ పీకి కొత్త అంచున పాతాను. పెద్ద సరంగు ఉద్యోగం పోతుందన్న భయం తప్ప నాకింకేం తోచలేదు. మర్నాడు ఆఫీసర్లు చూసింది ఆ గెడనే.

నిన్న టీచరమ్మకి ఇదంతా చెప్పి సంతకం పెట్టాను. నీ ఫొటో తీసి నాది వెయ్యమన్నాను. ఇన్నాళ్ళూ మూగనోము పట్టినవాడు ఇప్పుడెందుకు నోరు విప్పాడంటావా? పుస్తకం సంగతి నీ చెవిన వెయ్యమని మొన్న మరదలికి ఫోన్ చేశాను. రాసుకోనివ్వండి బావగారూ, ఆయన మొదట్లో కాదనేవారు గానీ, ఎడమపక్కకే పోయుంటానేమో, నా కళ్ళే మోసం చేశాయేమో అని ఇప్పుడు ఆయనే అంటున్నారు అంది.

కాదురా. నువ్వు కుడిపక్కనే వచ్చావు.