మస్తాన్ అడిగిన సంతకాలు

శుక్రవారం, ఇషా నమాజు అయ్యాక

మా డివిజన్ ఆడవాళ్లకు రిజర్వు కాకపోతే తమ్ముడు మస్తానే మళ్లీ కార్పొరేటర్ అయ్యేవాడు. నన్ను నిలబెట్టి గెలిపించాడు. మర్నాడే పది ఖాళీ లెటర్‌ప్యాడ్ కాగితాల మీద సంతకాలు అడిగాడు. బిస్మిల్లా అనుకుని పెట్టేశాను. తప్పు నాదే.

ఈ ఉదయం మిరపకాయల తొడాలు తీసే ఆడవాళ్లు వచ్చారు. వాళ్లు కూర్చుని పనిచేసే రేకుల షెడ్డు తీసేసి, ఆ స్థలం లారీలకు ఇమ్మని నేను కమిషనర్‌కు రాశానట. "ఇది మీ సంతకమేనా అక్కా?" అని వాళ్లలో మీరాబీ కాగితం చూపించింది. నాదే.

సాయంత్రం మస్తాన్ ఇంకో పది కాగితాలు తెచ్చాడు.

"పెట్టను రా."

"పదిహేనేళ్ల రాజకీయం అక్కా నాది. సోమవారం కౌన్సిల్‌లో నువ్వు మాట్లాడతావా? మైకు పట్టుకోవడం వచ్చా?"

"పదిహేనేళ్లు నువ్వు పట్టుకున్నావుగా. అంత బరువేం ఉండదులే."

అన్నం తినకుండా వెళ్లిపోయాడు. వాడి పేరు ఏమవుతుందోనని దిగులుగానే ఉంది...

లెటర్‌ప్యాడ్ ఖురాన్ ఉన్న అలమరాలో పెట్టి తాళం వేశాను. ఆ ఉత్తరంలో సంతకం నాదే గానీ మాట నాది కాదని సోమవారం అందరి ముందూ చెబుతాను.

వాడి కోసం దువా చేశాను. సంతకం మాత్రం చెయ్యను.