మూడో రోజే గుడ్డ తీశాను

మహేశ్వర్‌కు,

సూర్యాపేట నుంచి మీ వదిన రాస్తున్నది. ఆదివారం మనుషులతో వచ్చి మిద్దె మీది గ్రీన్‌హౌస్ విప్పి కొంటానన్న కోదాడ ఆయనకు ఇచ్చేస్తానన్నావు. మునగాల హోటల్ వాళ్లు మన మైక్రోగ్రీన్స్, అదే ఆ లేత ముల్లంగి మొక్కలు, రెండుసార్లు వాపసు పంపినంక నీకు కోపం రావడం న్యాయమే. ఆ గ్రీన్‌హౌస్ నువ్వు కట్టించిందే. ఇదంతా ఫోన్‌లో చెప్పేది కాదు, అందుకే ఈ ఉత్తరం.

తప్పు గ్రీన్‌హౌస్‌ది కాదు, నాది. మొలకలకు మెంతులు మూటగట్టే అలవాటుతో, ముల్లంగి విత్తనం చల్లిన ట్రేలకు ఆరు రోజులు తడిగుడ్డ కప్పి ఉంచాను. చీకట్లో మొక్కలు పొడుగ్గా సాగాయి. ట్రేకు నాలుగు వందల గ్రాములు తూగితే మురిసిపోయాను. హోటల్ వంటమాస్టర్ దానియేలు మాత్రం, "అమ్మా, నీళ్లు నమిలినట్టున్నది, జర బూజు వాసన గూడ వస్తున్నది" అన్నాడు.

ఈసారి సగం ట్రేలను పాత పద్ధతిలోనే ఉంచి, మిగతా సగానికి మూడో రోజే గుడ్డ తీసి వెలుతురులో పెట్టాను. నీళ్లు పైన చల్లకుండా అడుగు ట్రేలో పోశాను. మధ్యాహ్నం పక్క పరదా ఎత్తి గాలి ఆడనిచ్చాను. ట్రేకు మూడు వందల పది గ్రాములే వచ్చాయి. కానీ ఆకు పచ్చగా ఉంది, బూజు లేదు. అత్తమ్మ నోట్లో వేసుకొని, "ఇగ ఇది ముల్లంగంటే" అన్నది.

ఆదివారం తప్పక రా, మనుషులను కూడా తీసుకొనిరా. రెండు గిన్నెల్లో రెండు రకాలు పెడతాను. కళ్లు మూసుకొని తిను. నీకు తేడా తెలియకపోతే మొదటి బోల్టు నేనే విప్పుతాను.

మీ వదిన