కుడికి తిరిగిన ఐదోవాడు

నాన్నా,

ఈ ఏడాది ఒక్క సెట్టే పోత పోయగలం. బొమ్మ సైనికుల్ని సేకరించేవాళ్లు గుర్రపు దళం కావాలంటున్నా, ఇవాళ వైశాలిలోని మన వర్క్‌షాప్‌లో నువ్వు చెక్కిన కవాతు సెట్టునే ఖాయం చేశాను.

నువ్వు పోయాక పనిలో చేరిన పెయింటర్ మహేశ్ భయ్యా నమూనాలు చూశాడు. నలుగురు ఎడమకి తిరిగి ఉన్నారు, ఐదోవాడు కుడికి.

“దీదీ, యే తో గలత్ హై,” ఇది తప్పుగా ఉందన్నాడు.

హిందీ రాకుండా పటాలంలో చేరి, ‘బాయే ముడ్’ అంటే ఎడమకని తెలియక కుడికి తిరిగింది నువ్వేనని చెప్పాను.

అతను నవ్వలేదు. నాలుగు నమూనాలకూ ఒకేలా మీసాలు దిద్దాడు. ఐదోదాని దగ్గర కుంచె ఆపి, “అంకుల్ కా ఫోటో హై క్యా, దీదీ?” అని నీ ఫోటో అడిగాడు.