పాయింట్ కుక్ వేగు

రాజ్యం,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. మన మనవరాలు శ్రావ్య యూనివర్సిటీలో, రెండు ప్రపంచ యుద్ధాల మధ్య పర్షియాను మార్చేసిన రాజు మీద థీసిస్ రాస్తోంది. రైళ్లు వేయించి, జనం టోపీలు కూడా మార్పించాడట. అక్కడి బ్రిటిష్ రాయబారి మాత్రం లండన్‌కు గుట్టుగా రాసేవాడు, అందరూ భయంతోనే పొగుడుతున్నారని. టోపీ అంటే గుర్తొచ్చింది, నా మంకీ క్యాప్ నీ కొడుకు పారేశాడు.

శ్రావ్య చదువు మానేస్తానని నాకొక్కడికే చెప్పింది, నాన్నంటే భయమట. కారు లేనిదే ఎక్కడికీ కదల్లేని ఈ పరాయి దేశపు ఊరు పాయింట్ కుక్‌లో, ఇంట్లోనే ఉంటానని వాడు రోజూ నన్నే అడుగుతాడు, "అది చదువుతోందా నాన్నా?"

ఇవాళ, "నేను నీ వేగువాణ్ని కానురా, పిల్లనే అడుగు" అన్నాను.

"డాడ్, యూ వోంట్ గెట్ మ్యాడ్, రైట్?" అంది ఎదురుగా ఉన్న శ్రావ్య.

నేను గదిలోకొచ్చి తలుపేసుకున్నాను. ఇంకా అరుపులేమీ వినిపించలేదు. నువ్వుంటే తలుపుకు చెవి ఆనించి, హాల్లో సంగతంతా నాకు చేరవేసేదానివి.