తలుపు వెనక మేకు

చెల్లీ ఎర్మెలిందా, ప్రభువు కృప నీ ఇంటిని కాయాలి.

ఈ ఆసుపత్రి తాళాల వార్డులో చెదిరిన నా బుర్రకు బడి పెట్టారు. పది సరుకులు చూడకుండా చెప్పాలి. "కీర్తనలన్నీ అప్పజెప్తారు, ఉప్పు మరిచిపోతారేం పాస్టరుగారూ?" అని పాఠం చెప్పే హిమెనా వెక్కిరించింది. మండిపోయాను! ఒక్కో సరుకునూ, ఇప్పుడు నీదైన అమ్మ వంటింట్లో దాని చోట ఉన్నట్టు మనసులో పెట్టుకున్నాను. పొయ్యి పక్కన ఉప్పు, కిటికీలో మాతే టీ ఆకు డబ్బా. ప్రవక్త చూసిన లోయలో ఎండిన ఎముకల్లా తొమ్మిదీ లేచి నిలబడ్డాయి! పదోదాని చోటు తలుపు వెనక మేకు; దానికి అమ్మ ఏం తగిలించేదో గుర్తు రాక అది జారిపోతోంది. అదేంటో వెంటనే రాయి. నెలాఖరున పరీక్ష. నెగ్గితే నర్సును తోడిచ్చి ఒక పూట ఇంటికి పంపుతామన్నారు.

కోళ్లు గుడ్లు పెడుతున్నాయా? నీ పిల్లలు నా పేరు చెబితే ఇంకా జడుసుకుంటున్నారా? దాచకు. ఆ మేకు మాత్రం ఖాళీగా ఉంచు, నా కోటుకి.

ఆశీస్సులతో అన్న,
ఎలియాసర్