జెత్రో తీసుకోని టోపీ

అక్క మోరీన్‌కి తమ్ముడు క్లెమ్ నమస్కారాలు.

ఇక్కడ అందరం క్షేమమే, మా క్రికెట్ క్లబ్బు తప్ప. మీ దీవిలో గాలికి పెంకులు లేచిపోతున్నాయని రాశావు. బావని పైకప్పు ఎక్కనివ్వకు. ఎక్కడం వచ్చుగానీ దిగడం ఆయనకి చేతకాదు.

సీజన్ ఎలా గడిచిందని అడిగావు. ఏప్రిల్‌లో చలికి వేళ్ళు కొంకర్లు పోయి మావాళ్ళు క్యాచ్‌లు వదిలారు. జూలైలో ఏ వంకా లేకుండానే వదిలారు. నాలుగు రోజుల మ్యాచ్ మూడో రోజు టీకే ముగిసేది. మిగిలిన కేకులన్నీ నా పొట్టలోకే. ఇరవై ఓవర్ల పోటీలో అట్టడుగున నిలిచాం. యాభై ఓవర్ల కప్పులో మమ్మల్ని వాన కాపాడింది, అదీ ఒక్కసారి. సెప్టెంబరులో కింది డివిజన్‌కి జారిపోయాం. డ్రెస్సింగ్ రూములో వాళ్ళ సాక్సులు ఏరే నాకే సిగ్గేసింది.

ఇక నీ అసలు ప్రశ్న. జెత్రో మీ ఇంటికొచ్చి, ఎవరితోనూ మాట్లాడకుండా సముద్రంకేసి చూస్తూ కూర్చుంటున్నాడని రాశావు. మోకాలు పోయిందనీ, క్లబ్బు వదిలేసిందనీ చెప్పే ఉంటాడు. చెప్పనిది నేను చెప్పాలి.

నీ కొడుకు కోరుకున్నది ఒక్క కౌంటీ టోపీ. జెర్సీ ఆడినవాడికల్లా ఇస్తారు. టోపీ మాత్రం 'నువ్వు మావాడివి' అని పెవిలియన్ మెట్ల మీద, సభ్యులందరి ముందూ కెప్టెన్ పెట్టాలి. ఎన్నేళ్ళు బౌలింగ్ చేసినా వాడికది రాలేదు.

జూన్‌లో నా బుద్ధి గడ్డి తిన్నది. "ఒరేయ్, బ్లేజర్ తగిలించుకుని మెట్ల దగ్గరికి రా, కెప్టెన్ పిలుస్తున్నాడు" అన్నాను.

"నిజమా మామయ్యా?"

"మీ అమ్మ మీద ఒట్టు." (నువ్వు బతికే ఉన్నావుగా, అరవకు.)

తల దువ్వుకుని పరుగెత్తుకొచ్చాడు. టీ కూజా మీద కప్పే ఉన్ని తొడుగు వాడి నెత్తిన పెట్టాను. జట్టంతా పొర్లి పొర్లి నవ్వింది. వాడూ నవ్వాడు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. చూసి, చూడనట్టు ఊరుకున్నాను.

చివరి మ్యాచ్‌లో వాడు కుంటుతూ సామాను సర్దుకుంటున్నాడు. కెప్టెన్ లాథమ్ నన్ను పక్కకి పిలిచాడు. "వెళ్ళిపోయేవాడికి టోపీ ఎందుకన్నారు క్లబ్బు పెద్దలు. పట్టుబట్టి ఒప్పించాను. టీ టైముకి జెత్రోని బ్లేజర్‌తో మెట్ల దగ్గరికి పంపు, ఎందుకో చెప్పకు." చేతిలో టోపీ ఉంది.

వెళ్ళి అవే మాటలు చెప్పాను అక్కా. వేరే మాటలు తట్టలేదు.

వాడు తలెత్తలేదు. "ఇవాళ కూడానా మామయ్యా?"

"నిజంగా టోపీయేరా! మీ అమ్మ మీద ఒట్టు!"

"జూన్‌లోనూ అమ్మేగా."

సంచి భుజానేసుకుని వెనక గుమ్మం గుండా వెళ్ళిపోయాడు. కారు వెంట పరుగెత్తాను. అద్దం దించలేదు.

తిరిగొచ్చేసరికి మెట్ల ముందు ముసలి సభ్యులు లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నారు. లాథమ్ తలుపుకేసే చూస్తున్నాడు. చప్పట్లు పలచబడి, ఆగిపోయాయి. అంపైర్లు మైదానంలోకి నడిచారు. లాథమ్ టోపీ నా చేతిలో పెట్టి వాళ్ళ వెనకే వెళ్ళాడు. తిట్టినా బాగుండేది.

ఆ తర్వాత లాథమే వాడికి ఫోన్ చేస్తే, "కెప్టెన్ గొంతు బాగా కుదిరింది మామయ్యా" అని పెట్టేశాడట.

టోపీ ఈ పొట్లంలోనే ఉంది. పైన అడ్రసు లాథమ్ చేత రాయించాను. నువ్వే పెట్టు వాడి నెత్తిన. నేను పంపానని మాత్రం చెప్పకు. చెబితే పెట్టుకోడు. లోపల చెయ్యి పెట్టి వెతుకుతాడు, ఏ కప్పని దాచానో అని.

ఇట్లు,
నీ పనికిమాలిన తమ్ముడు
క్లెమ్