గోడ మీది రెండో వరుస

తమ్ముడూ సుందరం,

ఇంట్లో అందరం బాగానే ఉన్నాం. నువ్వు వెళ్ళి పదకొండు నెలలైంది.

నీకు చెప్పాల్సిన సంగతి ఒకటుంది. దానికి ముందు ఆ శనివారం పొద్దున్న గుర్తు చెయ్యాలి... నువ్వు మరిచిపోయి ఉండవులే.

క్రిస్మస్‌కి ఇంకా రెండు వారాలుంది. పేటలో అందరూ గోడలకి సున్నం కొడుతుంటే నువ్వు మన కాంపౌండు గోడకి పడవలకి వేసే తెల్ల పెయింటు వేశావు. అది రెండు రోజులు ఆరింది. మూడో రోజు పొద్దున్నే టీ తాగి, గ్లాసు మెట్టు మీదే వదిలేసి, నీలిమందు కలిపిన గిన్నెలో దారం ముంచావు. ఒక కొస నా చేతికిచ్చి గేటు దగ్గర నిలబెట్టావు. రెండో కొస నువ్వు పట్టుకుని ఆ చివరికి వెళ్ళావు. మధ్యలో నీ భార్య సలోమి దారాన్ని రెండు వేళ్ళతో లాగి వదిలింది. టప్పున గోడ మీద నీలం గీత పడింది. మొదటి గీత తిన్నగా వచ్చింది.

రెండో గీతకి దారం పట్టుకునేసరికి చర్చి గంట మోగింది. నా ప్రార్థన వేళ. నిలబడ్డచోటే కళ్ళు మూసుకున్నాను.

"అక్కా, త్వరగా ఆమెన్ అను. చెయ్యి లాగేస్తోంది" అని అరిచావు.

కళ్ళు తెరిచి చూస్తే ఏముంది? నా చెయ్యి కిందికి జారింది. గీత గేటు వైపు నాలుగు వేళ్ళు వాలిపోయింది. తుడిచి మళ్ళీ వెయ్యరా అన్నాను. నువ్వు నవ్వావు.

"ఉండనీ అక్కా. నీ ప్రార్థన బరువుకి వంగింది."

గిలకలదిండి హార్బరులో పడవల పేర్లు రాసే ఎర్ర పెయింటు డబ్బా తెరిచావు. గోడకి ఆ పెయింటు దేనికిరా అంటే, "సముద్రంలో నిలిచేది గోడ మీద నిలవదా?" అన్నావు. మధ్యాహ్నం అన్నాల వేళకి రెండు వరుసలూ పూర్తయ్యాయి.

సమాధుల తోటకి దారి వెయ్యండి.
దారి వేసినవాళ్ళకే మా ఓటు.

ఏ పార్టీ పేరూ లేదు. ఏ గుర్తూ లేదు. ఎన్నికలొస్తే ఊళ్ళో సగం గోడల మీద అన్ని పార్టీల గుర్తులూ వేసినవాడివి. "ఎవరడిగితే వాళ్ళది వేశాను. ఇదొక్కటే నాది" అన్నావు కుంచె కడుక్కుంటూ.

ఆ దారిన ముందు వెళ్ళేది నువ్వేనని ఆ పొద్దున్న మనలో ఎవరికైనా తోచిందా?

ఆగస్టులో మూడు రోజులు ముసురు. డ్రెయిను పొంగి, దారీ అదీ ఒకటైపోయింది. నిన్ను మోసినవాళ్ళకి నడుము దాకా నీళ్ళు. పెట్టె తడవకూడదని చేతులు పైకెత్తి పట్టుకున్నారు. ఒకతను గుంటలో కాలు పెట్టాడు, పెట్టె ఒక పక్కకి ఒరిగింది... సలోమి కేక పెట్టింది. దివిసీమలో పుట్టి పెరిగిన పిల్ల, నీళ్ళంటే బెదరదు అనేవాడివి కదా. ఆ రోజు బెదిరింది.

ఆ తర్వాత దారి సంగతి ఎవరూ ఎత్తలేదు. గోడ మాత్రం చెబుతూనే ఉంది.

పోయిన నెలలో మున్సిపాలిటీ నుంచి నీ పేరు మీద నోటీసు వచ్చింది. అవును, నీ పేరు మీదే. ఇంటి పన్ను ఇంకా నీ పేరునే ఉంది కదా. రోడ్డు వైపు గోడ మీద రాజకీయ రాతలున్నాయట. ఊరి అందం చెడుతోందట. ఏడు రోజుల్లో చెరపకపోతే వాళ్ళే చెరుపుతారట. ఎవరో పెద్దవాళ్ళు వస్తున్నారని ఊళ్ళో గోడలన్నీ తుడుస్తున్నారు.

నోటీసు తెచ్చిన అమ్మాయి చిన్నపిల్ల. ఆంటీ, సుందరం గారు సంతకం పెట్టాలి అంది. ఆయన ఇల్లు మారాడమ్మా, సమాధుల తోటలో ఉంటున్నాడు, అక్కడికి వెళ్ళి ఇచ్చిరా అన్నాను. పాపం, అర్థం కాక దారి ఎటని అడిగింది. అదే కదమ్మా గోడ మీద ఉన్నది అన్నాను. ఒక్క నిమిషం గోడ వైపు చూసి, నోటీసు గేటుకి అంటించి వెళ్ళిపోయింది.

నేను జవాబు రాశాను. పెద్ద ఉత్తరం కాదు, నా సంగతి నీకు తెలుసుగా. గోడ మాది. గోడ కింద నేల మాది. ఎవరినీ తిట్టలేదు. ఏ రూలు ప్రకారం చెరపమంటున్నారో రాసివ్వండి. అంతే. సలోమి చేత కూడా సంతకం పెట్టించాను. చేతిలో పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చుంది. ఆఖరికి పెట్టింది.

రూలు రాలేదు. ఎనిమిదో రోజు ఇద్దరు మనుషులు సున్నం బక్కెట్లతో వచ్చారు. అందులో ఒకడు నీ దగ్గర కుంచె పట్టడం నేర్చుకున్నవాడే. నా మొహం చూడలేక, అక్కా ఉద్యోగం అన్నాడు. నీ పని నువ్వు చెయ్యి నాయనా అన్నాను. అరుగు మీద కూర్చుని చూశాను. ఒక్కో అక్షరం తెల్లబడిపోయింది. నీ "ఓటు" అన్నిటికన్నా ఆఖర్న పోయింది, గేటు దగ్గర కిందికి వాలి ఉంది కదా...

లోపలికి వెళ్ళి మోకరించాను. ఏమని ప్రార్థించాలో తోచలేదు.

మర్నాడు మధ్యాహ్నం వాన కురిసింది. గంటసేపు గట్టిగా కొట్టింది. వెలిసాక సలోమి వీధిలోంచి వదినా, వదినా అని ఒకటే పిలుపు. వెళ్ళి చూస్తే సున్నం అంతా పాలలాగా కారి కాలవలోకి పోతోంది. నీ రెండు వరుసలూ తలంటు పోసుకున్నట్టు నిగనిగలాడుతున్నాయి.

పేటంతా వచ్చింది. పాస్టరమ్మగారు చేతులెత్తి అద్భుతం అన్నారు. కాదమ్మగారూ, పడవల పెయింటు అన్నాను. అందరూ నవ్వారు. నువ్వు పోయాక ఆ గేటు ముందు అంత నవ్వు వినడం అదే మొదలు.

ఆ పెయింటు మీద ఉత్త సున్నం నిలవదని నీ శిష్యుడికి తెలియదా? జిగురు కలపడం మరిచిపోయాడా, మానేశాడా? నేను అడగలేదు. అడగను కూడా.

ఈసారి నోటీసు నా పేరు మీద వచ్చింది. హాజరై చెప్పుకోమన్నారు. వెళ్ళాను. పదింటికి రమ్మని ఒంటి గంటకి పిలిచారు. ఆఫీసరు మర్యాదస్తుడే, కుర్చీ వేయించాడు. అందరివీ తుడిపించి మీ ఒక్కరిదీ ఎలా వదలమంటారు అమ్మగారూ అన్నాడు. బయట కరెంటు స్తంభానికి నాయకుడిగారి పుట్టినరోజు ఫ్లెక్సీ నెలరోజుల నుంచి వేలాడుతోంది, ఆ స్తంభం ఎవరిదండీ అని అడిగాను. అవి శుభాకాంక్షలట. రాజకీయం కాదట.

తర్వాత ఆయనే ఒక మార్గం చెప్పాడు. మొదటి వరుస ఉంచుకోండి, అది విన్నపం. రెండోది తీసెయ్యండి, ఫైలు మూసేస్తాను అన్నాడు. అంటే దారి వెయ్యమని అడుక్కోవచ్చు. ఓటు మాట మాత్రం ఎత్తకూడదు.

అయినా ఆ మాట అన్నాయన లేడు కదమ్మా, ఇప్పుడది ఎవరి మాటని ఉంచాలి అన్నాడు.

సుందరం, కోపం నాకు అరుదు. నీకు తెలుసు. ఆ కుర్చీలో కూర్చుని అరచేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని పది దాకా లెక్కపెట్టాను. ఇంట్లో అడిగి చెబుతానండీ అని లేచి వచ్చాను. వచ్చే సోమవారం దాకా గడువిచ్చాడు. ఆ తర్వాత సున్నం కాదట, ఉలితో చెక్కించేస్తారట.

నిన్న ఆదివారం ఆరాధన అయ్యాక గుడివాడ నుంచి చిన్నక్క కరుణ, మీ బావ వచ్చారు. సాయంత్రం నలుగురం గోడకి ఎదురుగా అరుగు మీద కూర్చున్నాం. మీ బావ బడిపంతులు, ఇంకా సర్వీసు ఉంది, ఆయన భయం ఆయనది. ఒక్క వరుసే కదా వదినగారూ, దారి సంగతి ఎలాగూ ఉంటుంది, పోనిద్దురూ అన్నారు. కరుణ ఆయన మీద లేచింది. మీరు బళ్ళో పిల్లలకి హక్కులు అని పాఠం చెప్పేది పరీక్షకేనా అని అడిగింది.

అప్పుడు సలోమి మాట్లాడింది. ఈ పదకొండు నెలల్లో అది నలుగురిలో ఇన్ని మాటలు మాట్లాడ్డం నేను చూడలేదు. మొదటి వరుస అందరూ రాస్తారు వదినా, అర్జీల్లో రాసి రాసి మామయ్యగారు పోయారు, ఈయన పోయాడు, రెండో వరుస ఈయన ఒక్కడే రాశాడు అంది. అది తీసేస్తే ఆ నీళ్ళలో పెట్టె ఒరిగినట్టే ఉంటుంది నాకు అంది.

నలుగురం ప్రార్థన చేసుకున్నాం. లేచాక నిర్ణయించుకున్నాం. ఇదీ నిర్ణయం.

రెండో వరుస తియ్యం.

రేపే హైకోర్టులో పిటిషను వేస్తాం. నా సంతకం, సలోమి సంతకం. పిటిషనుకి కావలసిన సంగతులన్నీ మీ బావ తన గుండ్రటి అక్షరాలతో రాసిపెట్టారు. సంతకం మాత్రం పెట్టలేనన్నారు. వద్దులెండి, ఈ రాతే చాలు అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను.

అది ఎవరి మాట అని అడిగారు కదా. దానికి జవాబు గోడ మీదే రాస్తాం. నీ రెండు వరుసల కింద మూడో వరుస. మార్త. సలోమి. ఈ ఇంటి రెండు ఓట్లు. తన ఓటు గుడివాడలో ఉందని కరుణ అలిగింది. దారం పట్టుకోవడానికి ఓటెందుకే అంటే ఊరుకుంది.

కోర్టు ఏమంటుందో నాకు తెలియదు. అంతలోపలే ఉలి పట్టుకుని వస్తే గోడకి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చుంటాను. నాకు కూర్చోవడం అలవాటే.

నీ ఎర్ర డబ్బాలో అడుగున పెయింటు మిగిలి ఉంది. సలోమి మూత తెరిచి పుల్లతో కలిపి చూసింది, గడ్డకట్టలేదు. శనివారం పొద్దున్న కుంచె అది పడుతుంది. వంగిన వరుస వంగినట్టే ఉంటుంది, దాన్ని ఎవరం సరిచెయ్యం. మా పేర్ల గీత మాత్రం తిన్నగా రావాలి. దారం ఒక కొస కరుణ చేతిలో, ఒక కొస నా చేతిలో.

గంట మోగినా సరే, ఈసారి కళ్ళు తెరుచుకునే ప్రార్థిస్తాను.

నీ పెద్దక్క,
మార్త